టిక్కు విని అసలు, నకలు తేల్చేయకండి

పాత వాచీల మీద మళ్ళీ మోజు వచ్చింది. మంచిదే. మన ఇళ్ళలో బీరువా లోపలి అరలో, పట్టుచీరల కింద ఏళ్ళ తరబడి పడి ఉన్న హెచ్‌ఎంటీ వాచీలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. పిల్లలు కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇంకా ఆడుతోందే!" అని ఆశ్చర్యపోతున్నారు. ఇంతవరకూ నాకూ సంతోషమే. దాని వెనకాలే ఇంకొక అలవాటు వచ్చింది. నా తకరారు దాని మీదే. ఫోన్‌లో ఒక యాప్ వేసుకోవడం, వాచీని మైకు మీద పెట్టడం, అర నిమిషం దాని చప్పుడు వినిపించడం, తెర మీద పచ్చగా వస్తే అసలు, ఎర్రగా వస్తే నకలు అని తీర్పు చెప్పేయడం.

నేను చేసే పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒక టెస్టు దేన్ని పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది అని అడగడానికే నాకు జీతం ఇస్తారు. అందుకని నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాచీ ఆరోగ్యం ఎట్లుందో తెలుసుకోవడానికి శబ్దం పరీక్షని మించింది లేదు. దాని పుట్టుక చెప్పమంటే మాత్రం అది సగం సాక్షే. ఆ సగం సాక్షిని నమ్మి మన ఇంట్లోనే ఒకరి మనసు నొప్పించాం కాబట్టి ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మా చిన్నాయన దగ్గర ఒక జనతా వాచీ ఉంది. 1978లో పెళ్ళికి మామగారు పెట్టింది. ఆ రోజుల్లో హెచ్‌ఎంటీ కావాలంటే అంగడికి పోయి కొనేసేది కాదు, ఎవరినైనా పట్టుకోవాలి, కాచుకోవాలి. జాలహళ్ళి ఫ్యాక్టరీలో తెలిసినవాళ్ళు ఉంటే అదే పెద్ద గొప్ప. కోలారు పక్క పల్లెలో వ్యవసాయం చేసుకునే ఆయన, కూతురి కోసం ఆ వాచీ ఎట్ల సంపాదించినారో మా చిన్నమ్మ ఇప్పటికీ కథలాగా చెప్తుంది. పోయిన వేసవి సెలవుల్లో మనవడు దాన్ని యాప్ మీద పెట్టినాడు. ఎర్ర అక్షరాల్లో "సరిపోలలేదు" అని వచ్చింది. పిల్లాడు దాన్ని "ఇది డూప్లికేట్ తాతా" అని తర్జుమా చేసినాడు. చిన్నాయన ఏమీ అనలేదు, చేతికున్న వాచీ తీసి బీరువాలో పెట్టేసినారు. వారం తర్వాత చిన్నమ్మ నాకు ఫోన్ చేసి, "మా నాయన నకలు వాచీ పెట్టినాడా అని నన్ను అడిగినట్లుండాది రా, ఆయప్ప పోయి ఇరవై ఏండ్లాయ, ఇప్పుడు ఎవర్ని అడిగేది?" అనింది.

వాచీని రిపేరు చేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోతే వెనక మూత తీసి రెండు నిమిషాలు చూసి, "ఆయిల్ ఎండిపోయింది, అంతే" అన్నారు. మిషన్ మీద హెచ్‌ఎంటీ గుర్తు ఉంది, 0231 అని నంబరు ఉంది. ఆయన దగ్గరున్న టైమ్‌గ్రాఫర్ మీద పెడితే బ్యాలెన్స్ చక్రం ఊపు 160 డిగ్రీలు చూపించింది. కడిగి, ఆయిల్ వేసి పెట్టినాక 250 దాటింది. అదే వాచీ, అదే మిషన్, ఒక్క భాగం కూడా మార్చలేదు. మళ్ళీ యాప్ మీద పెడితే ఇప్పుడు పచ్చ. పుట్టుక మారిందా మరి? మారింది ఆయిల్.

ఆ టిక్కులో ఏముంటుందో కొంచెం చెప్పాలి, లేకపోతే నా వాదన గాల్లో నిలబడుతుంది. కీ ఇచ్చే వాచీలో మెయిన్ స్ప్రింగ్ బలాన్ని కొంచెం కొంచెంగా వదిలే తలుపు ఒకటి ఉంటుంది. ప్యాలెట్ అనే చిన్న ముక్క ఆ తలుపు. బ్యాలెన్స్ చక్రం అటొక సారి, ఇటొక సారి ఊగుతూ ఆ తలుపుని తీస్తూ పోతుంది. జనతా, పైలట్, కోహినూర్, జవాన్ వంటి కీ ఇచ్చే హెచ్‌ఎంటీల్లో ఉండే 0231 మిషన్ గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకి 5. హెచ్‌ఎంటీ ఆటోమేటిక్‌లు చాలావరకు 21,600, సెకనుకి 6. (బడిలో నేను దీన్ని కన్నడలో "ఆవృత్తి" అని చదువుకున్నా. తెలుగులో "పౌనఃపున్యం" అంటారని పెద్దయ్యాక తెలిసింది. ఆ మాట నోరు తిరిగేలోపు వాచీ పది సార్లు కొట్టుకుంటుంది.)

మన చెవికి ఒకే టిక్కుగా వినిపించేదాంట్లో నిజానికి మూడు చప్పుళ్ళు ఉంటాయి. బ్యాలెన్స్ మీదుండే చిన్న రాయి వచ్చి ప్యాలెట్‌ని తట్టడం మొదటిది. చక్రం పన్ను జారి ప్యాలెట్ రాయిని తోయడం రెండోది. ప్యాలెట్ అవతలి పక్కకి పోయి ఆగేటప్పుడు వచ్చేది మూడోది, అన్నిటికన్నా గట్టిది. మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఎంత సమయం పట్టిందో కొలిస్తే చక్రం ఎంత జోరుగా ఊగుతోందో లెక్క కట్టవచ్చు. 18,000 కొట్టే వాచీలో ఊపు 270 డిగ్రీలు ఉంటే ఆ మధ్య సమయం సుమారు 12 మిల్లీసెకన్లు, ఊపు 180కి పడిపోతే సుమారు 18. ఉయ్యాల జోరుగా ఊగేటప్పుడు మనిషి మధ్యలోనుంచి సర్రున పోతాడు, మెల్లగా ఊగేటప్పుడు నింపాదిగా పోతాడు కదా, అదే లెక్క.

వేళ తప్పడం కూడా ఇట్లాగే తెలుస్తుంది. రోజుకి 86,400 సెకన్లు. వాచీ రోజుకి 10 సెకన్లు ముందుకు పోతోందంటే 8,640లో ఒక వంతు తేడా. ఏ చెవికీ అందదు అది. కానీ అర నిమిషంలో 150 టిక్కులు వస్తాయి, ప్రతి టిక్కు ఎప్పుడు రావాల్సింది, ఎప్పుడు వచ్చింది అని రాసుకుంటూ పోతే గీత పైకో కిందకో వాలుతుంది. చూడముచ్చటైన కొలత, కాదనను. నాకు ఈ మెషీన్ అంటే ముచ్చటే. ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఒకటి నా లాప్‌టాప్‌లో ఎప్పుడూ ఉంటుంది.

ఇప్పుడు ఒక మాట గమనించండి. పైన చెప్పిన కొలతల్లో డయల్ గురించి ఏమైనా ఉందా? ముళ్ళ గురించి? కేసు గురించి? లేదు. శబ్దం మిషన్‌ది. మిషన్ తప్ప మిగతా వాచీ అంతా మూగది.

దీన్ని మా బావ కొన్న పైలట్ రుజువు చేసింది. వాళ్ళ నాయన పుట్టినరోజుకి ఆన్‌లైన్‌లో తెప్పించినాడు. "ఫ్యాక్టరీ మూసేసినప్పుడు మిగిలిపోయిన కొత్త పీసు" అని అమ్మినవాడి మాట. సాక్ష్యానికి టైమ్‌గ్రాఫర్ తెర ఫోటో కూడా పంపినాడు: రోజుకి 4 సెకన్లు ముందు, ఊపు 277 డిగ్రీలు, "సౌండ్ టెస్టెడ్ ఒరిజినల్" అని కింద రాసి. వాచీ వచ్చింది, నారింజ రంగు డయల్ తళతళ మెరుస్తోంది. తాకితే కొత్త పెయింటు. అక్షరాల అంచులు అలుక్కుపోయినాయి, నిమిషాల గీతలు అంకెలకి సరిగ్గా ఎదురు లేవు, వెనక మూత మీది రాతలు పాలిష్‌కి అరిగి సగమైనాయి. కొత్త పీసుకి మూత ఎందుకు అరుగుతుందప్పా? నేను యాప్ మీద పెడితే మాత్రం 18,000, పచ్చ. ఎందుకు పచ్చ కాదు? లోపలుంది నిజమైన 0231 కదా. అరిగిపోయిన పాత వాచీల్లోంచి ఒకదాని మిషన్, ఇంకొకదాని కేసు, మూడోదాని ముళ్ళు కూర్చి, డయల్‌కి కొత్త రంగు కొట్టి అమ్మే వ్యాపారం ఇది. సేకరించేవాళ్ళు వీటికి "ముంబై స్పెషల్" అని పేరు కూడా పెట్టినారు.

ఆ ఫోటోలో ఇంకొక తమాషా ఉంది. మూలలో లిఫ్ట్ యాంగిల్ 60 అని చిన్న అక్షరాల్లో ఉంది. ఊపు లెక్క కట్టడానికి మెషీన్‌కి మనం ఇచ్చే సంఖ్య అది. మెషీన్లు మామూలుగా 52 మీద పెట్టి వస్తాయి. 52 ఉంచితే 240 చూపించే వాచీ, 60కి మారిస్తే 277 చూపిస్తుంది. వాచీని ముట్టుకోకుండా బటన్ నొక్కి ఆరోగ్యం పెంచేసినాడు మహానుభావుడు. మా ఆఫీసులో అయితే టెస్టు పాస్ కావడానికి ఎదురుచూసే జవాబునే మార్చేయడం అంటాం దీన్ని.

అంటే చూడండి: అసలైన జనతా పరీక్షలో తప్పింది, అతుకుల పైలట్ పాసైంది. రెండు పక్కలా తప్పు చెప్పే టెస్టుని నేనైతే విడుదలకి ముందు గేటు దగ్గర కాపలా పెట్టను.

"మరి రోలెక్స్‌కి చప్పుడు ఉండదంటారే, దాంతో తెలుస్తుంది కదా" అని అడిగేవాళ్ళు మన చుట్టాల్లో చాలామంది ఉన్నారు. రోలెక్స్‌కి చప్పుడు లేకపోవడం వట్టి మాట. ఇప్పటి రోలెక్స్‌లు మామూలుగా గంటకి 28,800, సెకనుకి 8 సార్లు కొడతాయి. ముల్లు జారినట్టు కనిపిస్తుంది, అంతే. ఎవరైనా సెకనుకి ఒక్కసారి టక్కుమనే బ్యాటరీ వాచీని సబ్‌మెరైనర్ అని చూపిస్తే నకలు అని నిక్షేపంగా చెప్పవచ్చు. చవక నకళ్ళలో పెట్టే 21,600 చైనా మిషన్‌ని కూడా ఈ పరీక్ష పట్టేస్తుంది. కానీ 28,800 కొట్టే చైనా మిషన్లు కూడా ఉన్నాయి, ఖరీదైన నకళ్ళలో అవే పెడతారు. వాటిని లెక్కతో పట్టలేం. ఇంకో పక్క, 1960ల చివర, 70ల్లో వచ్చిన రోలెక్స్‌ల్లో ఉండే 1570 మిషన్ 19,800 కొడుతుంది. "రోలెక్స్ అంటే 28,800" అని బట్టీ పట్టినవాడు మంచి పాత వాచీని చెత్తబుట్టలో వేస్తాడు. తెల్లనివన్నీ పాలు కావు అనే సామెత కన్నడలోనూ ఉంది, తెలుగులోనూ ఉంది. వాచీల దగ్గర దానికి తోడు ఇంకోటి కావాలి: పాలన్నీ తెల్లగానూ ఉండవు.

శబ్దంతోనే గట్టిగా గుర్తుపట్టగలిగే వాచీ లేకపోలేదు. 1960లో అమెరికాలో బులోవా వాళ్ళు తెచ్చిన అక్యుట్రాన్‌లో బ్యాలెన్స్ బదులు చిన్న ట్యూనింగ్ ఫోర్కు సెకనుకి 360 సార్లు కంపిస్తుంది. చెవి దగ్గర పెడితే టిక్కు ఉండదు, తుమ్మెద రొద. అట్లాంటిది అడ్డదారిలో చేయడం కష్టం కాబట్టి అక్కడ చెవి సాక్ష్యానికి బలం ఉంది. మన ఇళ్ళలో దొరికేవి అవి కావు. మన దగ్గరుండేవి రెండే రకాలు. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ ఒకటి, 1984లో ఏర్పడి మన హోసూరులో ఫ్యాక్టరీ పెట్టిన టైటాన్ రెండోది. టైటాన్ క్వార్ట్జ్ సెకనుకి ఒక్క టిక్కు, ప్రపంచంలో ఉన్న చవక క్వార్ట్జ్ వాచీలన్నిటిలాగే. అక్కడ ఈ పరీక్ష చెప్పేదేమీ లేదు.

సిటిజన్ పేరు వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. 0231 డిజైను జపాన్‌ది, చేసింది కర్ణాటకలో, పేరు ఇంగ్లీషులో, కొన్ని జనతా డయళ్ళ మీద రాత హిందీలో. అది పెట్టుకున్నది కోలారు జిల్లా తెలుగు పెళ్ళికొడుకు. దీంట్లో "అసలు" ఏది? ఈ ప్రశ్న మనకి కొత్త కాదు. విజయవాడకో హైదరాబాదుకో పెళ్ళికి పోతే, నోరు తెరిచి రెండు మాటలు అనగానే "మీది తెలుగేనా అండీ?" అంటారు. "ఉండాది" అన్నామా, "తకరారు" అన్నామా, ఎర్ర అక్షరాలు వచ్చేస్తాయి. నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు మా అవ్వ దగ్గర పలక మీద నేర్చుకున్నా. చప్పుడు వేరే, కానీ లోపలి మిషన్ తరాల నాడే ఇక్కడికి వచ్చి, ఇక్కడి ఆయిల్‌తో ఇక్కడే ఆడుతోంది. యాస విని పుట్టుక తేల్చేవాళ్ళ మీద విసుక్కునే మనం, టిక్కు విని వాచీ పుట్టుక తేల్చడానికి ఎగబడటం నాకు వింతగా ఉంటుంది. ఈ పోలికని ఇంకా సాగదీయను, సాగదీస్తే తెగుతుంది.

శబ్దం పరీక్ష వద్దని నేను అనడం లేదు. దాని పని దాన్ని చేయనివ్వమంటున్నా. టిక్కుకీ టాక్కుకీ మధ్య ఎడం సమానంగా లేకపోతే పాత రిపేరువాళ్ళు మెషీన్ లేకుండానే "వాచి కుంటుతోంది" అంటారు. నిజంగానే కుంటిమనిషి నడకలాగా వినిపిస్తుంది. గీత పడుతూ లేస్తూ ఉంటే ఏదో పన్ను దగ్గర మురికి. పడుకోబెడితే ఒక లెక్క, నిలబెడితే ఇంకో లెక్క వస్తే బ్యాలెన్స్ తూకం చూడాలి. రోజుకి నిమిషాల కొద్దీ ముందుకి ఉరుకుతుంటే హెయిర్‌స్ప్రింగ్‌కి అయస్కాంతం పట్టి ఉండవచ్చు. ఫోన్ల పక్కన, స్పీకర్ల మీద వాచీలు పెట్టే మన ఇళ్ళలో ఇది మామూలే. ఇవన్నీ బాగుచేసుకోగలిగినవి. డాక్టరు స్టెతస్కోపు పెట్టేది గుండె ఎట్లుందో వినడానికి. ఆ మనిషి ఏ ఊరివాడో దాంతో చెప్పమని మనం అడగం కదా. హెచ్‌ఎంటీ వాళ్ళే తమ వాచీని దేశం గుండెచప్పుడు అని ప్రచారం చేసుకున్నారు.

ఇంకొక్కటి, ఫోన్ మైకు. అది మనిషి గొంతు కోసం చేసింది. వెనకాల ఫ్యాను, గడియారం వంటి ఒకే తీరు చప్పుళ్ళని తుడిచేయడమే అందులోని నాయిస్ సప్రెషన్ పని. మనం వినమని అడిగేదాన్నే అది చెత్త అనుకుని ఊడ్చేస్తుంది. మిగిలిన ముక్కల్ని చూసి యాప్ జోస్యం చెప్తుంది. ఎస్పీ రోడ్డులో దొరికే చిన్న పియెజో డిస్కుని వాచీ కేసుకి ఆనించి వింటే ఇంతకన్నా ఎంతో శుభ్రంగా వస్తుంది. చప్పుడు గాలిలోంచి కాకుండా లోహంలోంచి వస్తుంది కాబట్టి.

మరి వాచీ అసలుదో కాదో ఎట్ల తెలుసుకునేది? మూత తీయించండి. మిషన్ మీద గుర్తు, నంబరు చూడండి. డయల్‌ని భూతద్దంలో చూడండి, అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, పెయింటు కింద ఇంకో పెయింటు ఉందా అని. జాలహళ్ళిలో హెచ్‌ఎంటీ హెరిటేజ్ సెంటర్ ఉంది, అక్కడ పాత మోడళ్ళు అద్దాల వెనక వరసగా పెట్టి ఉన్నాయి, ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుపోయి మీ వాచీ అన్నదమ్ములు ఎట్లుండేవో చూపించండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో అడగండి. ఎవరు పెట్టినారు, ఏ ఏడాది, ఏ పెళ్ళికి, ఎవరి చేతికి ఎన్నేళ్ళు ఉండింది. 2016లో కేంద్ర మంత్రివర్గం హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయడానికి ఒప్పుకుంది. తుమకూరు ఫ్యాక్టరీ స్థలం ఇస్రో చేతికి పోయింది. ఫ్యాక్టరీని అడిగి తెలుసుకునే దారి మూసుకుపోయినాక, మన ఇళ్ళలో డెబ్బై, ఎనభై ఏళ్ళు దాటినవాళ్ళ జ్ఞాపకమే మిగిలిన రిజిస్టరు. వాళ్ళ మాటకి ఎదురు యాప్ మాటని పెట్టకండి. చిన్నమ్మ దగ్గర ఆ కథ ఉంది, అందులో ఏడాది ఉంది, ఊరు ఉంది, ఎంతకి కొన్నారో కూడా ఉంది. టెస్టర్‌గా చెప్తున్నా, నాకు అంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కరలేదు.

ఒక పని చేద్దాం. ఉగాదికి అందరం చిక్కబళ్ళాపురంలో కలుస్తాం కదా, మీ మీ వాచీలు తీసుకురండి. ముందురోజు సాయంత్రం నిండుగా కీ ఇచ్చి పెట్టండి. బలవంతంగా తిప్పకండి, ఆగిన చోట ఆపేయండి. ఆడని వాచీలు కూడా తేవచ్చు, వాటి కథ మాత్రం ఆడుతుంది. నేను లాప్‌టాప్, పియెజో మైకు, భూతద్దం తెస్తా. ఒక్కో వాచీకి ఒక కాగితం: ఎవరిది, ఎవరిచ్చారు, ఎప్పుడు, ఇంతకుముందు ఎక్కడ రిపేరు చేయించారు, డయల్, మిషన్ ఫోటోలు, పడుకోబెట్టి ఒక నిమిషం, నిలబెట్టి ఒక నిమిషం రికార్డు చేసిన చప్పుడు. కాగితంలో అసలు, నకలు అనే గడి ఉండదు. బావ కొన్న నారింజ పైలట్‌కి కూడా ఒక కాగితం రాస్తాం, "ఇన్ని వాచీల కూడిక" అని ఉన్నది ఉన్నట్టుగా. మరుసటి ఏడాది మళ్ళీ రికార్డు చేస్తే ఏది అలసిపోతోందో తెలుస్తుంది, సమయానికి సర్వీసుకి ఇవ్వవచ్చు.

దీనికి ఫ్యాను ఆపిన గది ఒకటి కావాలి, వాచీకి రెండు నిమిషాల నిశ్శబ్దం కావాలి. గది దొరుకుతుంది. మన ఇంట్లో పండగ పూట ఆ రెండు నిమిషాలు ఎట్ల దొరుకుతాయో పెద్దవాళ్ళే చెప్పాలి.